అప్‌డేట్: 200 క్రాప్ vs 400 లెన్స్, నేలపట్టులో తీసి చూశా

200 ఎంఎం లెన్స్‌తో తీసి క్రాప్ చేస్తే (అంచులు కోసి మధ్య భాగం పెద్దది చేస్తే) దూరం పక్షుల్ని దగ్గరగా చూపే 400 లెన్స్ పని జరుగుతుందా అని ఇక్కడ అడిగా కదా. తిరుపతిలో ఫ్రెండ్ దగ్గర 400 తెచ్చుకుని, నేలపట్టు పక్షుల అభయారణ్యంలో గూడబాతుల మీద రెండూ ప్రయత్నించా.

మీలో కొందరు చెప్పిందే నిజం: ఒకే చోట నిలబడితే పెర్‌స్పెక్టివ్ మారదు. పక్షికీ వెనక చెట్టుకీ మధ్య ఎడం రెండు ఫోటోల్లోనూ ఒకటే. తేడా అంతా పిక్సెల్స్‌లోనే. నాది 24 మెగాపిక్సెల్ కెమెరా, 6000×4000. అటూ ఇటూ సగానికి కోస్తే 3000×2000, అంటే 6 మెగాపిక్సెలే. 12×8 అంగుళాల ప్రింటుకి 250 డీపీఐ (అంగుళానికి 250 చుక్కలు) వస్తుంది, గోడకి తగిలించడానికి హాయిగా సరిపోతుంది. పొద్దు వాలి ఐఎస్‌వో (తక్కువ వెలుతురులో ఫోటో వెలుగు పెంచే సెట్టింగ్) 3200కి పెంచాకే అసలు కథ. క్రాప్‌లో గ్రెయిన్ (ఫోటోలో కనిపించే గరుకు) పెద్దదై, ముక్కు మీది చుక్కలు అలికేసినట్టయ్యాయి. 400లో విడివిడిగా కనిపించాయి. రెండింటికీ అదే ఎఫ్5.6 (లెన్స్ రంధ్రం ఎంత తెరవాలో చెప్పే సెట్టింగ్) పెట్టినా వెనక కొమ్మలూ అందులోనే ఎక్కువ బ్లర్ అయ్యాయి.

ఎగిరే పక్షిని మాత్రం 400 ఫ్రేములో పట్టడం గగనమే (నా చేతులకైతే). దానికి 200తో వదులుగా తీసి కోసుకోవడమే సుఖం.

కాబట్టి 400 కొనట్లేదు. నేలపట్టు సీజన్‌లో అద్దెకి తెచ్చుకుంటా. జవాబిచ్చిన అందరికీ థాంక్స్ అండీ.