ఎంపైర్ స్టేట్ ప్లాజా: ఆల్బనీ నగరానికి న్యూయార్క్ రాష్ట్రం ఎంతకాలం చెల్లించాలి?

గిల్డర్‌లాండ్ వాసి (చర్చ ప్రారంభం):
న్యూయార్క్ రాష్ట్ర రాజధాని ఆల్బనీలో ఉన్న ఆస్తుల విలువలో సగానికి పైగా పన్ను మినహాయింపు కింద ఉంది. రాష్ట్ర కార్యాలయాలు, విశ్వవిద్యాలయం, ఆసుపత్రులు, చర్చిలు అన్నీ అందులోకే వస్తాయి. వీటిలో అందరి కంటికీ ముందుగా ఆనేది 98 ఎకరాల ఎంపైర్ స్టేట్ ప్లాజా, అంటే నగరం నడుమ ఉన్న రాష్ట్ర ప్రభుత్వ భవనాల సముదాయం. దీనికి ఆస్తి పన్నుకు బదులుగా రాష్ట్రం ఏటా 1.5 కోట్ల డాలర్లు నగరానికి ఇస్తోంది కానీ అది శాశ్వత హక్కు కాదు, గడువున్న ఏర్పాటు మాత్రమే. గడువు తీరాక కూడా ఇవ్వడం న్యాయమా, లేక నగరం తన కాళ్ళ మీద తాను నిలబడాలా? సభ్యుల అభిప్రాయం కోరుతున్నాను.

లాథమ్ పన్నుదారు:
ఇవ్వనవసరం లేదనే నా అభిప్రాయం. ప్లాజా నగరాన్ని చంపేసిందనే మాట ఇక్కడ తరచుగా వినిపిస్తుంది గనుక ముందు లెక్కలు చూద్దాం. 1950లో ఆల్బనీ జనాభా సుమారు 1,35,000. 2020 నాటికి అది 99,000కు తగ్గింది, అంటే నాలుగో వంతుకు కాస్త ఎక్కువ. అదే కాలంలో రాజధాని హోదా గానీ ప్లాజా గానీ లేని, ఇదే రాష్ట్రంలోని సిరక్యూస్ నగరం 2,20,000 నుంచి 1,48,000కు, అంటే దాదాపు మూడో వంతు పడిపోయింది. కర్మాగారాలు మూతపడి, మధ్యతరగతి శివార్లకు తరలిపోయిన ఆ దశాబ్దాల్లో వేలాది ప్రభుత్వోద్యోగాలను నగరం నడిబొడ్డున నిలిపి ఉంచినది ఈ ప్లాజాయే. ఉద్యోగాలనూ ఇచ్చి, వాటికి పైన కప్పమూ కట్టమంటే, రాష్ట్రంలో మరో మూలన ఉన్న బఫెలోలో పన్ను కట్టేవారు ఎందుకు ఒప్పుకోవాలి?

ఈగిల్ వీధి:
లాథమ్ గారి లెక్కలు సరైనవే, వాటితో నాకు పేచీ లేదు. ఆ లెక్కల నుంచి వారు తీసిన నిర్ణయంతోనే పేచీ. సిరక్యూస్ కంటే తక్కువ నష్టపోయినంత మాత్రాన ఆల్బనీకి రావలసినది రాకుండా పోదు.

చరిత్ర కొంత చెప్పుకోక తప్పదు. 1959లో నెదర్లాండ్స్ యువరాణి బియాట్రిక్స్ వచ్చినప్పుడు, ఆమెకు కనబడిన పాతబడిన వీధులను చూసి గవర్నర్ నెల్సన్ రాక్‌ఫెల్లర్ నామోషీ పడ్డారని, ప్లాజా ఆలోచన అక్కడే మొలకెత్తిందని చెబుతారు. ఆ నామోషీకి మూల్యం చెల్లించినది మాత్రం ఆయన కాదు. 1962లో రాష్ట్రం భూమిని స్వాధీనం చేసుకున్నప్పుడు దాదాపు 40 బ్లాకులు నేలమట్టమై, ఇటాలియన్ కుటుంబాలు ఎక్కువగా ఉన్న పేటతో సహా సుమారు 7,000 మంది చెల్లాచెదురయ్యారు. మేయర్ ఎరాస్టస్ కార్నింగ్ కోర్టుకెక్కి ఓడిపోయారు. ఆ తరువాత ఆయనే గవర్నరుకు ఒక ఉపాయం చెప్పారు. రాష్ట్రం బాండ్లు అమ్మాలంటే ఓటర్ల ఆమోదం కావాలి గనుక, ఆల్బనీ కౌంటీ (జిల్లా లాంటి స్థానిక ప్రభుత్వం) పేరిట బాండ్లు అమ్మి, భవనాలను రాష్ట్రానికి అద్దెకిచ్చి, అప్పు తీరాక వాటిని రాష్ట్రానికే అప్పగించే ఏర్పాటు అది. 25 కోట్ల డాలర్లలో అయిపోతుందన్న పని 170 కోట్లు దాటింది. అంత పోరాడిన మేయరు పేరే చివరికి 44 అంతస్తుల టవరుకు పెట్టారు, అది వేరే సంగతి.

అయితే నా వాదన 1962 నాటి అన్యాయం మీద నిలబడలేదు. ఆనాటి కుటుంబాలకు జరిగిన నష్టాన్ని నేటి నగర ఖజానాకు డబ్బిచ్చి తీర్చడం ఎలాగూ కుదరదు. రాష్ట్రం చెల్లించవలసినది ఈ ఏటి సేవలకు. కార్నింగ్ టవరులో పొగ వస్తే పరుగెత్తవలసినది నగర అగ్నిమాపక దళమే. చుట్టూ వీధుల్లో మంచు ఎత్తవలసినది నగర సిబ్బందే. వాడుకున్నంత కాలం కట్టేదాన్ని కప్పమనరు, గడువు తీరిందని దాన్ని ఆపనూ కూడదు.

ఇక ఉద్యోగాల మాట. శివారు ఊళ్ళయిన లాథమ్ నుంచో గిల్డర్‌లాండ్ నుంచో వచ్చే ఉద్యోగి (రాష్ట్ర శాఖల్లో కాంట్రాక్టు మీద పనిచేసే మన తెలుగువారిలోనూ చాలామంది ఇంతే) హడ్సన్ నది ఒడ్డున ఉన్న ఐ-787 హైవే మీద నుంచి ప్లాజా కిందికి వెళ్ళే సౌత్ మాల్ ఆర్టీరియల్ అనే రోడ్డులోకి మళ్ళి, ప్లాజా అడుగున కారు నిలిపి, లిఫ్టెక్కి సీట్లో కూర్చుని, మధ్యాహ్నం కాంకోర్స్ అనే భూగర్భ నడవాలో భోంచేసి, వచ్చిన దారినే వెళ్ళిపోవచ్చు. నగరపు వీధి మీద కాలు మోపవలసిన పని ఉండదు. ఇంటి పన్ను వేరే ఊరికి పోతుంది. అటువంటి ఉద్యోగం వల్ల నగరకేంద్రంలోని పెర్ల్ స్ట్రీట్ దుకాణదారుకు దక్కేది ఎంత?

లాథమ్ పన్నుదారు:
సేవలకు రుసుము అన్న మాట పరిహారం అన్న మాట కంటే బలంగా ఉంది, కాబట్టి దానికే సమాధానం చెబుతాను. రుసుమైతే దానికి లెక్క ఉండాలి: ఎన్ని అగ్నిమాపక పిలుపులు, ఎన్ని మైళ్ళ రోడ్డు అని తేల్చి బిల్లు పంపాలి. 1.5 కోట్లు అనేది ఏ లెక్కా లేకుండా బేరంలో తేలిన సంఖ్య. పైగా 2025లో గవర్నర్ హోకుల్ నగరకేంద్రం కోసం 40 కోట్ల డాలర్ల ప్రతిపాదన చేశారు. రాష్ట్రం చేతులు ముడుచుకు కూర్చోలేదు.

ఈగిల్ వీధి:
ఆ 40 కోట్లలో 15 కోట్లు స్టేట్ మ్యూజియం మరమ్మతులకు ఉద్దేశించినవి. మ్యూజియం ఉన్నది ప్లాజాలో, దాని సొంతదారు రాష్ట్రమే. తన ఇంటికి తాను సున్నం వేసుకుని పొరుగువాడికి సాయం చేశానంటే ఎలా? లెక్క తేల్చి బిల్లు పంపాలన్న మీ మాటకు మాత్రం నాకు అభ్యంతరం లేదు. ప్లాజాతోపాటు నగరం పడమటి అంచున ఉన్న మరో రాష్ట్ర కార్యాలయాల సముదాయం హ్యారిమన్ క్యాంపస్‌కు కూడా అదే లెక్క వర్తింపజేయాలి. అప్పుడు మొత్తం 1.5 కోట్ల కంటే పెరుగుతుందని నా అంచనా. పెరిగితే కట్టించడానికి మీరు సిద్ధమేనా?

గిల్డర్‌లాండ్ వాసి:
హ్యారిమన్ సంగతి నా మొదటి ప్రశ్నలో లేదు, అయినా చేర్చడమే సబబు. దాన్ని దృష్టిలో పెట్టుకుని లాథమ్ గారు సమాధానం ఇవ్వగలరు.