బార్సెలోనా క్రూయిజ్‌లో డ్రింక్స్ ప్యాకేజీపై స్పెయిన్ వ్యాట్ ఏ రేవు వరకు వర్తిస్తుంది?

అక్టోబరులో మా అమ్మానాన్నలతో కలిసి బార్సెలోనాలో ఓడ ఎక్కుతున్నాము. మార్సెయ్, జెనోవా, నేపుల్స్ మీదుగా ట్యునీషియాలోని లా గులెట్ రేవుకు వెళ్లి, మళ్లీ బార్సెలోనాలోనే దిగుతాము. మొత్తం 7 రాత్రులు. పెద్దవాళ్ల ఖర్చు ముందే లెక్కవేసి పెట్టాలన్నది నా తాపత్రయం.

డ్రింక్స్ ప్యాకేజీకి, అంటే ఓడలో తాగే పానీయాలన్నిటికీ కలిపి ముందే కట్టే మొత్తానికి, ఇక్కడి నుంచే డబ్బు చెల్లించాము. రసీదులో పన్ను ప్రస్తావన లేదు, కానీ షరతుల్లో మాత్రం "స్థానిక పన్నులు ఓడలో అదనంగా వసూలు చేయబడవచ్చు" అని ఉంది. కంపెనీకి మెయిల్ రాస్తే అదే వాక్యాన్ని తిరిగి పంపారు. యూరోపియన్ యూనియన్ వెలుపలి రేవు ఒక్కటి ఉన్నా ప్రయాణం మొత్తానికీ పన్ను ఉండదని మా ట్రావెల్ ఏజెంటు గట్టిగా చెబుతున్నారు.

అయితే 2006 నాటి యూనియన్ వ్యాట్ డైరెక్టివ్ (సభ్య దేశాలకు వర్తించే ఉమ్మడి పన్ను చట్టం)లోని 57వ ఆర్టికల్ చదివితే, ఓడలో వడ్డించే ఆహార పానీయాలకు, యూనియన్ లోపల సాగే ప్రయాణ భాగం వరకు, బయలుదేరిన దేశపు పన్నే వర్తిస్తుందని అర్థమవుతోంది. ఆ లెక్కన, ట్యునీషియాకు ముందు వచ్చే చివరి యూనియన్ రేవైన నేపుల్స్ దాకా స్పెయిన్ వ్యాట్ పడాలి. ఆహార పానీయాల వడ్డనకు అక్కడ అది 10 శాతం. ఓడలోని దుకాణాల్లో కొనే వస్తువుల సంగతి వేరు, వాటికి అక్కడి సాధారణ రేటు 21 శాతం. మేము ఏమీ కొనబోవడం లేదు కనుక దాన్ని వదిలేస్తున్నాను.

బార్సెలోనాలో బయలుదేరి, మధ్యలో ట్యునీషియా వంటి యూనియన్ వెలుపలి రేవులో ఆగిన క్రూయిజ్ చేసినవారు దయచేసి చెప్పండి: ముందే కొన్న డ్రింక్స్ ప్యాకేజీపై మీ ఓడ ఖాతాలో వ్యాట్ ఏ రేవు నుంచి ఏ రేవు వరకు వసూలు చేశారు?