ఒకటో నంబరు పిక్ 17 ఏళ్ల కుర్రాడికా? వాషింగ్టన్ నేషనల్స్ బేస్‌బాల్ ఫ్యాన్స్, మీరేమంటారు

కర్లీ_డబ్ల్యూ:
2025 డ్రాఫ్ట్ (జట్లు వంతులవారీగా కొత్త కుర్రాళ్లని ఎంచుకునే తంతు) అయి వారం దాటింది, నా కోపం మాత్రం తగ్గలేదు. 2009లో పిచర్ (బంతి విసిరేవాడు) స్ట్రాస్‌బర్గ్, 2010లో హార్పర్, ఆ తర్వాత ఒకటో నంబరు పిక్ మనకు దక్కడం మళ్లీ ఇప్పుడే. దాన్ని తీసుకెళ్లి ఓక్లహోమా హైస్కూల్ షార్ట్‌స్టాప్ (రెండు, మూడు బేస్‌ల మధ్య నిలబడే ఫీల్డర్) ఎలై విలిట్స్‌కి కట్టబెట్టారు. అవతల లూసియానా స్టేట్ యూనివర్సిటీ (ఎల్‌ఎస్‌యూ) ఎడమచేతి పిచర్ కేడ్ ఆండర్సన్ అప్పుడే కాలేజీ వరల్డ్ సిరీస్ గెలిపించి, అందులో బెస్ట్ ప్లేయర్ అవార్డు కూడా కొట్టేసి రెడీగా ఉన్నాడు, మూడో నంబరులో మెరైనర్స్ ఎగరేసుకుపోయారు. ఇంకా మండే విషయం ఏంటంటే ఒకటో నంబరుకి లీగ్ కట్టిన బోనస్ లెక్క, అంటే స్లాట్ విలువ, 11 మిలియన్ డాలర్ల పైమాటే, విలిట్స్ సంతకం పెట్టింది 8.2కి. అంటే మనవాళ్లు చూసింది ఆటా, బేరమా? డ్రాఫ్ట్‌కి వారం ముందు జనరల్ మేనేజర్ రిజ్జోని, మేనేజర్ మార్టినెజ్‌ని ఒకే రోజు పీకేశారు, ఆ గందరగోళంలో ఎవరు ఏం ఆలోచించి ఎంచుకున్నారో దేవుడికే తెలియాలి. పైగా షార్ట్‌స్టాప్‌లో అబ్రమ్స్ ఉండనే ఉన్నాడు. ఎవరైనా సర్దిచెప్పండి, లేదంటే నాతో కలిసి తిట్టండి.

బ్లీచర్_బాబాయ్:
తమ్ముడూ, కాస్త నీళ్లు తాగు. స్లాట్ డబ్బు ఆ ఒక్క కుర్రాడికే ఇవ్వాలని ఎక్కడా లేదు. మొదటి 10 రౌండ్ల స్లాట్లన్నీ కలిపి జట్టుకి ఒకే పూల్, ఒకచోట మిగిలింది ఇంకోచోట పెట్టుకోవచ్చు. పూల్ దాటితే పన్ను పడుతుంది, 5 శాతం మించి దాటితే వచ్చే ఏడాది మొదటి రౌండు పిక్కే పోతుంది, అందుకే ఏ జట్టూ ఆ గీత దాటదు. ఇప్పుడు మన కింది పిక్స్ చూడు. మూడో రౌండులో పిచర్ హార్మన్, నాలుగులో సిమే, ఐదులో కోయ్ జేమ్స్, ముగ్గురూ హైస్కూల్ పిల్లలే. ఇలాంటివాళ్లకి కాలేజీలో సీటు ఖాయంగా ఉంటుంది కాబట్టి తక్కువ ఇస్తామంటే నమస్కారం పెట్టి వెళ్లిపోతారు, వాళ్లని ఆపింది విలిట్స్ దగ్గర మిగిలిన డబ్బే. నువ్వు ఒక్క పిక్ చూసి తిడుతున్నావు, వాళ్లు నలుగురిని ఒకే లెక్కలో కొన్నారు.

ఇక అబ్రమ్స్ గొడవ. ఆలూ లేదు చూలూ లేదు కొడుకు పేరు సోమలింగం! ఇంకా ఒక్క ప్రొఫెషనల్ మ్యాచ్ ఆడని పిల్లాడు విలిట్స్. వాడు పైకొచ్చేసరికి అబ్రమ్స్ ఎక్కడుంటాడో ఎవడికి తెలుసు.

ఎక్స్‌ట్రా_ఇన్నింగ్స్:
బాబాయ్ లెక్కకి ఓటేస్తా. నాకు పిచర్ అంటేనే భయం. ఆండర్సన్‌కి హైస్కూల్‌లోనే మోచేతికి టామీ జాన్ సర్జరీ అయింది. స్ట్రాస్‌బర్గ్‌ని నాకంటే ఎక్కువ ప్రేమించినవాడు ఇక్కడ ఎవడూ లేడు, 2019 వరల్డ్ సిరీస్ బెస్ట్ ప్లేయర్ (ఎంవీపీ), ఆ అక్టోబర్ చాలు ఈ జన్మకి. కానీ ఆ తర్వాత 245 మిలియన్ల కాంట్రాక్టు ఇస్తే ఆడింది 8 మ్యాచ్‌లు. 2013లో ఆస్ట్రోస్ ఒకటో నంబరులో పిచర్ మార్క్ అపెల్‌ని తీసుకున్నారు గుర్తుందా? మేజర్స్‌లో (పైస్థాయి లీగులో) తొలి బంతి వేసింది 2022లో, అదీ ఫిలీస్ తరఫున. చెయ్యి ఎప్పుడు పోతుందో చెప్పలేం బ్రో.

నైన్త్_ఇన్నింగ్_నాగు:
అంత భయమైతే పిచర్ స్కీన్స్ సంగతేంటి? 2023లో పైరేట్స్ ఒకటో నంబరులో తీసుకుంటే తర్వాతి మే కల్లా మేజర్స్‌లో ఉన్నాడు, ఆ ఏడాదే రూకీ ఆఫ్ ది ఇయర్ (బెస్ట్ కొత్త ఆటగాడు). అప్పుడు రెండో పిక్ మనదే, స్కీన్స్ కాలేజీ టీమ్‌మేట్ క్రూస్‌తో సరిపెట్టుకున్నాం. నా బాధ విలిట్స్ మీద కాదు అసలు. వాళ్ల నాన్న రెజీ ఏంజెల్స్‌కి ఆడాడు, యాంకీస్‌లో కోచింగ్ చేశాడు, కుర్రాడు రెండు వైపులా బ్యాటింగ్ చేస్తాడు, 1987లో గ్రిఫీ జూనియర్ తర్వాత ఇంత చిన్న వయసులో ఒకటో పిక్ అయినవాడు లేడు, అన్నీ ఒప్పుకుంటా. కానీ హైస్కూల్ పిల్లాడిని తీసుకుంటే సరిపోదు, తయారుచేయాలి. 2022లో ఐదో పిక్ ఎలైజా గ్రీన్ కూడా హైస్కూలే, స్ట్రైకౌట్లతోనే (బంతిని కొట్టలేక అవుటైపోతూ) కింది లీగుల్లో ఇరుక్కుపోయాడు. అదే వంటగది, అదే వంటవాళ్లు, కూరగాయలు మార్చితే రుచి మారుతుందా?

బెంచ్_వార్మర్:
ఒక డౌటు, నేను బాస్కెట్‌బాల్ నుంచి వచ్చినవాడిని. అంత తేడా లేదనుకుంటే పిక్‌ని ఇంకో జట్టుకి అమ్మేసి ఇద్దరు ముగ్గురిని తెచ్చుకోవచ్చుగా?

బ్లీచర్_బాబాయ్:
కుదరదు. కాంపిటిటివ్ బ్యాలెన్స్ పిక్స్ అని చిన్న జట్లకి అదనంగా ఇచ్చేవి కొన్ని ఉంటాయి, అవి తప్ప ఇక్కడ పిక్స్ ట్రేడ్ చేయనివ్వరు. అందుకే ఈ బోనస్ బేరాలన్నీ. నాగు, వంటగది మాట మాత్రం నిజం, దానికి నా దగ్గర జవాబు లేదు.

కర్లీ_డబ్ల్యూ:
సరే బాబాయ్, పూల్ లెక్క అర్థమైంది, బేరం అన్న మాట వెనక్కి తీసుకుంటున్నా. హార్మన్ వీడియోలు కూడా ఇప్పుడే చూశా, బానే విసురుతున్నాడు వెధవ. కానీ ఒకటి చెప్తున్నా, ఆండర్సన్ మెరైనర్స్ జెర్సీ వేసుకుని మన పార్కులో బంతి విసరడానికి మౌండ్ ఎక్కే రోజు నాకు ఎవరూ మెసేజ్ పెట్టొద్దు.