మెయిడెన్‌కి కొత్త ఊపు కావాలా? డ్రమ్మర్ మారాడు సరే, అసలు కుర్చీ సంగతేంటి?

గ్యాలప్_గోపి

నికో మెక్‌బ్రెయిన్ టూర్లు మానేసినప్పటి నుంచి (2024 డిసెంబర్ 7, సావో పాలోలో ఆఖరి షో) ఇంగ్లండ్ హెవీ మెటల్ బ్యాండ్ ఐరన్ మెయిడెన్ అభిమానుల్లో ఒకటే గోల. నికో డ్రమ్స్ దగ్గరికి సైమన్ డాసన్ వచ్చాడు, కొత్త రక్తం ఎక్కింది, ఇక బండి మళ్ళీ పరిగెడుతుంది అని. నాకు ఈ మాట మింగుడు పడటం లేదు. డాసన్ ఎక్కడి నుంచి వచ్చాడు? మెయిడెన్ పెట్టిన బేస్ గిటారిస్టు స్టీవ్ హారిస్ నడిపే ఇంకో బ్యాండ్ బ్రిటిష్ లయన్ నుంచి. అంటే స్టీవ్ ఇంట్లో ఒక గదిలోంచి ఇంకో గదిలోకి వచ్చాడు, అంతే. అతనూ కుర్రాడేం కాదు.

బ్యాండ్‌కి కొత్త ఊపు కావాలి, అందులో నాకు డౌట్ లేదు. కానీ అది రావాల్సింది ప్రొడ్యూసర్ కుర్చీలోంచి. 2000లో బ్రేవ్ న్యూ వరల్డ్ నుంచి 2021లో సెంజుత్సు దాకా వరసగా ఆరు ఆల్బమ్‌లు కెవిన్ షిర్లీవే, పక్కన కో-ప్రొడ్యూసర్‌గా స్టీవే. సెంజుత్సు రెండో డిస్కు చివరి మూడు పాటలు తీసుకోండి. మూడూ స్టీవ్ ఒక్కడే రాసినవి, మూడూ పది నిమిషాలు దాటినవి, మూడూ నెమ్మదైన ఇంట్రోతో మొదలయ్యేవి. ఆ గదిలో ఒక్కరైనా "బాసూ, ఇది రెండు నిమిషాలు తగ్గిద్దాం" అని ఉంటారా? నాకైతే నమ్మకం లేదు.

తిట్టేవాళ్ళు తిట్టండి, కానీ ఆల్బమ్ మొత్తం విన్నాక తిట్టండి.

పాతబస్తీ_ఎడ్డీ

గోపీ భాయ్, పొద్దున్నే మొదలుపెట్టావా. డెబ్బై దగ్గర పడ్డోళ్ళు రెండు గంటలు స్టేజీ మీద ఉరుకుతుంటే నీకు ఇంకా ఊపు కావాలా? సింగర్ బ్రూస్ డికిన్సన్ నాలుక క్యాన్సర్ నుంచి బయటపడి, మళ్ళీ అదే గొంతుతో పాడుతున్నాడు. నికో 2023 జనవరిలో స్ట్రోక్ వచ్చి కుడి పక్క పడిపోతే, అదే ఏడాది మేలో కొత్త టూర్‌కి డ్రమ్స్ వెనక కూర్చున్నాడు. ఊపు అంటే ఇంకేంటి మరి?

పది నిమిషాల పాటలు నచ్చకపోతే వినకు. వాళ్ళు ఎవరి కోసమూ పాట చిన్నది చేసిన రకం కాదు, 1984లోనే పదమూడు నిమిషాల పాట పెట్టారు, అప్పుడు అందరూ చప్పట్లు కొట్టారు. ఇప్పుడు నీకు టైమ్ లేకపోతే అది వాళ్ళ తప్పా?

స్వర_లహరి

నేను బేస్ వాయిస్తాను కాబట్టి ఈ గొడవలో కొంచెం పక్షపాతం ఉంటుంది, ముందే చెబుతున్నా.

ఎడ్డీ గారూ, 1984 పాటకీ 2021 పాటకీ నిడివి ఒకటే అయినా లోపల పని వేరు. ఆ పదమూడు నిమిషాల పాట మధ్యలో అంతా ఆగిపోయి బేస్ ఒక్కటే మెల్లగా మిగులుతుంది, ఓడ చెక్కల కిర్రు చప్పుడు, పైన మాటలు, తర్వాత ఒక్కసారిగా అంతా లేస్తుంది. ఒక్కో భాగం ఇంకో భాగానికి దారి తీస్తుంది. సెంజుత్సులో చాలాచోట్ల ఒకే ట్యూన్‌ని గిటార్ ఒకసారి, గొంతు ఒకసారి, మళ్ళీ గిటార్ ఒకసారి వాయించి నాలుగు నిమిషాలు గడిపేస్తారు. పాటకి పల్లవి బాగుంటే రెండుసార్లు చాలు, ఎనిమిదిసార్లు అక్కర్లేదు.

కానీ గోపీ, డ్రమ్మర్ మారితే ఏమీ మారదన్నావు చూడు, అక్కడ మాత్రం నేను ఒప్పుకోను. మెయిడెన్ గ్యాలప్ అంటే ఒక పొడుగు దెబ్బ, రెండు పొట్టి దెబ్బలు, దాన్ని స్టీవ్ పిక్ లేకుండా వేళ్ళతో లాగిస్తాడు. నికో దాని కింద ఎక్కువగా ఒంటి కాలి పెడల్‌తోనే నలభై ఏళ్ళు నడిపాడు, పైన రైడ్ సింబల్ మీద చెయ్యి ఆగకుండా తిరుగుతూ ఉండేది. నికో మొదటి మెయిడెన్ ఆల్బమ్ పీస్ ఆఫ్ మైండ్‌లో మొదటి పాట మొదటి నాలుగు సెకన్లు వినండి, ఆ ఒక్క ఫిల్‌తోనే (దరువు మధ్యలో గబగబా వేసే చిన్న విన్యాసం) తానెవరో చెప్పేశాడు. స్ట్రోక్ తర్వాత వేగమైన ఫిల్స్ కొన్ని వదిలేయాల్సి వచ్చింది, అది వినేవాళ్ళకి తెలిసిపోయేది. డాసన్ దరువు వేరు. తక్కువ అలంకారం, కొంచెం వెనక్కి వాలినట్టుంటుంది. దానివల్ల బేస్‌కి చోటు దొరికింది. బేస్ వాయించేవాళ్ళు ఎవరైనా ఈ మాట ఒప్పుకుంటారు.

ఈస్ట్‌హామ్_బాబు

లండన్ స్టేడియంలో 2025 జూన్ 28న చూశాను, అందుకని నోరు ఆగట్లేదు. అది స్టీవ్ ప్రాణం పెట్టే వెస్ట్‌హామ్ జట్టు గ్రౌండ్, ఆయన ఆ రోజు ఎంత ఆనందంగా ఉన్నాడో దూరం నుంచి కూడా తెలిసింది. సెట్, అంటే వాయించిన పాటల వరస, అంతా మొదటి తొమ్మిది ఆల్బమ్‌ల నుంచే, అంటే 1980 నుంచి 1992 దాకా. మొదటి నాలుగు పాటలూ మొదటి రెండు ఆల్బమ్‌లవే, బ్రూస్‌కి ముందు సింగర్ పాల్ డియానో కాలం నాటివి. డాసన్ ఆ పాటలకి భలే కుదిరాడు, నికోకి ముందు డ్రమ్మర్ క్లైవ్ బర్ వాయించిన పద్ధతికి ఇతను దగ్గర. నికో పాటలు వచ్చేసరికి మాత్రం ఏదో లోటు. పవర్‌స్లేవ్ పాటలో నాకు ఖాళీ వినపడింది, పక్కనున్న వాళ్ళకి వినపడలేదట.

ఇంకో సంగతి. వెనక పరదాలు తీసేసి పెద్ద స్క్రీన్ పెట్టారు. పాట పాటకీ చేత్తో గీసిన పరదా మారే అందం పోయింది అని పాతవాళ్ళు ఏడుస్తున్నారు, నాకైతే నచ్చింది. ఫోన్లు లోపల పెట్టుకోమని బ్యాండ్ ముందే అడిగింది కదా, జనం చాలావరకు విన్నారు కూడా. ఎప్పుడు చూశాం చెప్పండి అలాంటి గుంపుని.

గోపీ, నువ్వు ఆల్బమ్ గురించి మాట్లాడుతున్నావు, మేము షో గురించి మాట్లాడుతున్నాం. రెండూ కలిపి కొట్టుకుంటే ఎలా?

బ్లేజ్_భక్తుడు

కొత్త ఊపు, కొత్త రక్తం అని అందరూ అరుస్తుంటే నవ్వొస్తోంది. బ్రూస్ వెళ్ళిపోయాక 1994లో కొత్త రక్తం ఎక్కించారుగా, సింగర్ బ్లేజ్ బేలీ. అప్పుడు మీరంతా ఏం చేశారు? రాళ్ళేశారు. బ్లేజ్ గొంతు బ్రూస్ గొంతు కంటే కింద ఉంటుంది, ఆ సంగతి తెలిసి కూడా పాత పాటల శ్రుతి మార్చకుండా అతన్ని స్టేజీ ఎక్కించారు. పాపం రోజూ గొంతు చించుకున్నాడు. ఇప్పుడేమో అతను పాడిన ది ఎక్స్ ఫ్యాక్టర్ గొప్ప ఆల్బమ్ అని అందరూ అంటారు. 2018 టూర్‌లో ఆ కాలం పాటలు రెండు బ్రూస్ చేత పాడిస్తే స్టేడియాలు ఊగిపోయాయి.

కాబట్టి మార్పు కావాలని అడిగే అభిమానుల్ని నేను నమ్మను.

గ్యాలప్_గోపి

బ్లేజ్ అన్నా, నువ్వు తెలియకుండానే నా వాదన చెప్పేశావు. 1994లో సింగర్ మారాడు. ప్రొడ్యూసర్? స్టీవే, తోడుగా నైజెల్ గ్రీన్. స్టూడియో? ఎసెక్స్‌లో స్టీవ్ సొంత ఇంటి దగ్గరున్నదే. బ్లేజ్ రెండో ఆల్బమ్ వర్చువల్ ఎలెవన్‌లో ఆ తొమ్మిది నిమిషాల పాట గుర్తుందా, ఒకే లైను తిప్పి తిప్పి పాడి మనల్ని చంపింది? అది బ్లేజ్ తప్పు కాదు. ఆ పాటని కోయమని చెప్పే మనిషి గదిలో లేడు. కిల్లర్స్ నుంచి ఫియర్ ఆఫ్ ది డార్క్ దాకా ఎనిమిది ఆల్బమ్‌లు చేసిన ప్రొడ్యూసర్ మార్టిన్ బర్చ్ 1992తో రిటైర్ అయిపోయాడు. డీప్ పర్పుల్, బ్లాక్ శాబత్, రెయిన్‌బో లాంటి బ్యాండ్‌లతో పనిచేసి వచ్చిన మనిషి, స్టీవ్ ఎదురుగా కూర్చుని మాట్లాడగలిగేవాడు. ఆయన వెళ్ళిన మరుసటి రెండు ఆల్బమ్‌లే బ్యాండ్ చరిత్రలో అమ్మకాలు బాగా పడిపోయినవి. బ్రూస్ వెళ్ళాడు కాబట్టి అలా అయిందని అందరం అనుకున్నాం, సగం నిజమే. మిగతా సగం బర్చ్.

ఇంకో లెక్క. 1998లో వర్చువల్ ఎలెవన్ వచ్చింది. అదే ఏడాది బ్రూస్ సోలో ఆల్బమ్ ది కెమికల్ వెడ్డింగ్ వచ్చింది, ప్రొడ్యూసర్ రాయ్ జి, గిటార్ మీద మెయిడెన్ గిటారిస్టు ఏడ్రియన్ స్మిత్ కూడా ఉన్నాడు. రెండూ పక్కపక్కన వినండి. బరువు ఎందులో ఉంది, కోపం ఎందులో ఉంది?

స్వర_లహరి

ఇది మంచి పాయింటు. కానీ గోపీ, నువ్వు తిడుతున్న షిర్లీయే 2000లో కొత్త ఊపు. మర్చిపోయావా? అందర్నీ పారిస్‌లో ఒకే గదిలో నిలబెట్టి, ఒక్కొక్కరినీ విడివిడిగా కాకుండా కలిపి వాయించమన్నాడు. ముగ్గురు గిటారిస్టులు ఒకేసారి ఎలా వినపడాలో ఎవరికీ తెలియని రోజుల్లో దారి చూపించింది ఆయనే. డేవ్, ఏడ్రియన్, జానిక్, ముగ్గురిదీ విడిగా పోల్చుకోవచ్చు ఆ ఆల్బమ్‌లో.

ఇరవై ఏళ్ళు అదే పద్ధతి చేస్తే అరిగిపోతుంది, అది వేరే మాట. 2006 ఆల్బమ్‌కి మాస్టరింగ్ (చివర్లో సౌండ్‌కి పెట్టే మెరుగు) కూడా వద్దన్నారు, స్టూడియోలో విన్నది విన్నట్టే ఉండాలట. అది నాకు ఇష్టమే. సెంజుత్సులో మాత్రం గొంతు మిక్స్‌లో మునిగిపోయింది, బ్రూస్ ఎంత కష్టపడినా దుప్పటి కప్పుకుని పాడినట్టుంది.

పాతబస్తీ_ఎడ్డీ

సరే, మీరిద్దరూ ఇంజనీర్లు, నేను వినేవాణ్ణి. 2007 మార్చిలో బెంగళూరు ప్యాలెస్ గ్రౌండ్స్‌కి హైదరాబాద్ నుంచి రాత్రి రైల్లో ఎంతమంది పోయామో మీకు తెలుసా? నల్ల టీషర్టులు చూసి బోగీలో పెద్దాయన ఒకాయన ఏదో దీక్ష అనుకున్నాడు. ముందు ఢిల్లీ బ్యాండ్ పరిక్రమ వాళ్ళు వాయించారు, ఆ షో చూసే మెయిడెన్ వాళ్ళు వాళ్ళని ఇంగ్లండ్‌లో డౌన్‌లోడ్ ఫెస్టివల్‌కి పిలిపించారు. ఆ రాత్రి ఎర్రమట్టి పళ్ళ మధ్య కరకరలాడింది. అప్పటి సెట్‌లో కొత్త ఆల్బమ్ పాటలు చాలానే ఉన్నాయి, అంతకు ముందు ఏడాది యూరప్‌లో, అమెరికాలో అయితే ఆ ఆల్బమ్ మొత్తం వరసగా వాయించారు, పాత పాటలు వాయించమని జనం అరుస్తున్నా లెక్క చేయలేదు. గది మారలేదు, ప్రొడ్యూసర్ మారలేదు, అయినా ఆ మొండితనమే ఊపు.

నాకు భయం ఏంటంటే ఇప్పుడా మొండితనం తగ్గింది. బాబు గారు చెప్పిన 2025 సెట్ చూడండి, ఒక్క పాటైనా 1992 దాటిందా? మనవళ్ళతో కలిసి పాత ఫొటోలు చూసుకున్నట్టుంది. యాభై ఏళ్ళ పండగ అన్నారు, ఒప్పుకుంటా. పండగయ్యాక?

ఈస్ట్‌హామ్_బాబు

ఎడ్డీ, ఇందాక ఊపు అక్కర్లేదన్నావు, ఇప్పుడు తగ్గిందంటున్నావు. ఏదో ఒక పక్క నిలబడు తమ్ముడూ.

పాతబస్తీ_ఎడ్డీ

నేను మెయిడెన్ పక్క నిలబడ్డా. అంతే.

గ్యాలప్_గోపి

ఎడ్డీ చెప్పిన భయం నాకూ ఉంది. అందుకే ఇంకో పాత ఇంగ్లండ్ మెటల్ బ్యాండ్ జూడాస్ ప్రీస్ట్ సంగతి చెప్పి ఊరుకుంటా. 2011లో గిటారిస్టు కేకే డౌనింగ్ వెళ్ళిపోయాడు, రిచీ ఫాల్క్‌నర్ వచ్చాడు, 1980లో పుట్టిన కుర్రాడు. నిజమైన కొత్త రక్తం. 2014లో ఆల్బమ్ వచ్చింది, పాటలు బాగున్నాయి, సౌండ్ పలచగా చప్పగా ఉంది. ప్రొడ్యూస్ చేసినవాళ్ళలో ఒకడు బ్యాండ్ గిటారిస్టే. 2018లో పాత ప్రొడ్యూసర్ టామ్ ఆలమ్‌ని, కొత్తవాడు ఆండీ స్నీప్‌ని కలిపి కూర్చోబెట్టారు, ఫైర్‌పవర్ వచ్చింది. అదే ఫాల్క్‌నర్, అదే సింగర్ రాబ్ హాల్ఫర్డ్, నాలుగేళ్ళు ముసలివాళ్ళయ్యారు కూడా. ఎంత తేడా వచ్చిందో మెటల్ వినే వాళ్ళకి నేను చెప్పక్కర్లేదు.

స్వర_లహరి

అయితే ఎవర్ని పెట్టమంటావు? స్నీప్‌నా? ఆయన డ్రమ్స్ సౌండ్ మరీ పాలిష్‌గా ఉంటుంది, డాసన్ వాలకానికి సరిపోదు. రాయ్ జి అయితే బ్రూస్ 2024 సోలో ఆల్బమ్ కూడా చేశాడు, గొంతు ఎక్కడ కూర్చోబెట్టాలో తెలుసు. నా ఓటు ఆయనకే.

బ్లేజ్_భక్తుడు

బ్రూస్ మనిషిని తెచ్చి స్టీవ్ నెత్తిన కూర్చోబెడతారా? ఆ మీటింగు పది నిమిషాలు కూడా నడవదు.

గ్యాలప్_గోపి

నడవకపోయినా పర్లేదు బ్లేజ్ అన్నా. ఆ పది నిమిషాల్లో సెంజుత్సులోని పార్చ్‌మెంట్ పాట ఇంట్రో సగానికి కోస్తే చాలు.

పాతబస్తీ_ఎడ్డీ

ఆ ఇంట్రో జోలికి మాత్రం రావద్దు. మిగతావి మాట్లాడుకుందాం.