పాక్-12 నుంచి అందరూ వెళ్లిపోయాక మిగిలిపోయిన కాలేజీలు మళ్లీ లేస్తాయా?

ముత్తుకూరు కూగర్

అందరికీ నమస్కారం. మాది నెల్లూరు జిల్లా ముత్తుకూరు. పుల్‌మన్‌లోని వాషింగ్టన్ స్టేట్ యూనివర్సిటీలో పవర్ సిస్టమ్స్‌లో ఎమ్మెస్ చేసి, తిరిగొచ్చి ఇప్పుడు కృష్ణపట్నం దగ్గర పవర్ ప్లాంటులో పని చేస్తున్నా. అమెరికా వదిలొచ్చినా అక్కడి కాలేజీల అమెరికన్ ఫుట్‌బాల్ మాత్రం వదల్లేదు. వాళ్ల శనివారం సాయంత్రం మ్యాచ్ మనకు ఆదివారం పొద్దున్నే వస్తుంది. ఇప్పటికీ లేచి చూస్తా.

తెలియని వాళ్ల కోసం నాలుగు ముక్కలు. అక్కడ కొన్ని కాలేజీలు కలిసి ఒక కాన్ఫరెన్స్‌గా ఉంటాయి. వాటిలో వాటికి మ్యాచ్‌లు పెట్టుకుని, టీవీ హక్కులు గంపగుత్తగా అమ్మి, ఆ డబ్బు పంచుకుంటాయి. మాది పాక్-12. దాని మూలాలు 1915లో ఉన్నాయి. 2022 జూన్ 30న లాస్ ఏంజిలస్ కాలేజీలు యూఎస్‌సీ, యూసీఎల్‌ఏ బిగ్ టెన్ అనే ఇంకో కాన్ఫరెన్స్‌కి పోతున్నామని చెప్పాయి. ఆ ఆగస్టులో బిగ్ టెన్ ఏడేళ్లకు సుమారు 700 కోట్ల డాలర్ల టీవీ ఒప్పందం చేసుకుంది. పాక్-12 చేతిలో చివరికి ఉన్నది ఆపిల్ వాళ్ల స్ట్రీమింగ్ ఆఫర్. 2023 జులైలో కొలరాడో పోయింది. ఆగస్టు 4న ఒక్కరోజే ఐదు పోయాయి: ఒరెగాన్, వాషింగ్టన్ (సియాటిల్‌లోది, మాది కాదు) బిగ్ టెన్‌కి, ఆరిజోనా, ఆరిజోనా స్టేట్, యూటా బిగ్ 12 అనే కాన్ఫరెన్స్‌కి. సెప్టెంబర్ 1న స్టాన్‌ఫర్డ్, కాల్ (బర్క్‌లీ) కూడా ఏసీసీకి, అంటే అట్లాంటిక్ కోస్ట్ కాన్ఫరెన్స్‌కి, వెళ్లిపోయాయి. పసిఫిక్ ఒడ్డున ఉండే కాలేజీలు అట్లాంటిక్ పేరున్న కాన్ఫరెన్స్‌లో చేరాయంటే అర్థం చేసుకోండి.

పన్నెండింటిలో మిగిలింది మేమూ, ఒరెగాన్ స్టేటూ.

అప్పటి నుంచి ప్రతి ఏడాదీ ఎవరో ఒకరు పోతూనే ఉన్నారు. మా క్వార్టర్‌బ్యాక్ (బంతి విసిరి ఆట నడిపే ఆటగాడు) కామ్ వార్డ్ మయామీకి పోయి, 2025లో ప్రొఫెషనల్ లీగ్ ఎన్‌ఎఫ్‌ఎల్ కుర్రాళ్లను ఎంచుకునే డ్రాఫ్ట్‌లో మొదటి ఆటగాడిగా ఎంపికయ్యాడు. తర్వాత వచ్చిన జాన్ మటీర్ ఓక్లహోమాకి పోయాడు. కోచ్ జేక్ డికర్ట్ వేక్ ఫారెస్ట్‌కి పోయాడు. అతని స్థానంలో వచ్చిన జిమ్మీ రోజర్స్ ఒక్క సీజన్ చేసి అయోవా స్టేట్‌కి పోయాడు. మేం కుర్రాళ్లను తయారు చేసి ఇంకొకరికి అప్పగించే చోటుగా మారిపోయామని బాధగా ఉంది.

నేను అడిగేది ఒకటే. ఇట్టా మిగిలిపోయిన కాలేజీలు ఇంతకుముందు ఎక్కడన్నా మళ్లీ పైకొచ్చాయా? వస్తే ఎన్నాళ్లకి?

ఒంగోలు బీవర్

అన్నా, నాది ఆ రెండో కాలేజీ, ఒరెగాన్ స్టేట్. కార్వాలిస్‌లో చదివా. మా కోచ్ జోనథన్ స్మిత్ బయటివాడు కాదు, అదే కాలేజీకి క్వార్టర్‌బ్యాక్‌గా ఆడి, 2001 జనవరి 1న ఫియెస్టా బౌల్ అనే పెద్ద మ్యాచ్‌లో నోటర్ డేమ్‌ను 41-9తో కొట్టించినవాడు. ఆయన కూడా 2023 సీజన్ అయిన వెంటనే మిషిగన్ స్టేట్‌కి వెళ్లిపోయాడు. అదే ఏడాది మా రీసర్ స్టేడియంలో కొత్తగా కట్టిన వైపు తెరిచారు. కొత్త సీట్లు ఉన్నాయి, ఎదుటి టీమ్‌లు లేవు. 2025లో వరసగా ఏడు ఓడాక తర్వాతి కోచ్ ట్రెంట్ బ్రేని తీసేశారు. మ్యాచ్‌లు దొరక్క ఆ సీజన్‌లో మీరూ మేమూ ఒకరితో ఒకరం రెండుసార్లు ఆడుకున్నాం, గుర్తుంది కదా.

2022 ఏప్రిల్‌లో చీరాల, పర్చూరు, అద్దంకి బాపట్ల జిల్లాకు పోయినప్పుడు మా నాన్న ఒక మాట అన్నాడు: "కాలవ నీళ్లున్న వైపు అటుపోయింది, మెట్ట మనకి మిగిలింది." పాక్-12 సంగతి విన్నప్పుడు నాకు ఆ మాటే గుర్తొచ్చింది. లాస్ ఏంజిలస్, సియాటిల్, ఫీనిక్స్ లాంటి పెద్ద టీవీ ఊళ్లన్నీ అటుపోయాయి.

కానీ ఒక్క విషయం చెప్పాలి. మా బేస్‌బాల్ టీమ్ 2025లో ఏ కాన్ఫరెన్సూ లేకుండా, ఎక్కువగా బయటి ఊళ్లు తిరిగి ఆడుతూ, ఒమాహాలో జరిగే కాలేజ్ వరల్డ్ సిరీస్‌కి చేరింది. ఇంతకుముందు 2006, 2007, 2018ల్లో గెలిచిన టీమ్ అది. ఫుట్‌బాల్ ఒక్కటే చూసి కాలేజీ పని అయిపోయిందనడం నాకు నచ్చదు.

కావలి నుంచి ఫోర్ట్‌వర్త్

నేను ఉండే ఊళ్లోనే టీసీయూ (టెక్సస్ క్రిస్టియన్ యూనివర్సిటీ) ఉంది కాబట్టి ఈ కథ రోజూ వింటుంటా. 1996లో సౌత్‌వెస్ట్ కాన్ఫరెన్స్ మూతపడింది. టెక్సస్, టెక్సస్ ఏ అండ్ ఎం, టెక్సస్ టెక్, బేలర్ బిగ్ 12లోకి పోయాయి. టీసీయూ, ఎస్‌ఎంయూ, రైస్, హ్యూస్టన్ మిగిలిపోయాయి. టీసీయూ మూడు చిన్న కాన్ఫరెన్స్‌లు మారింది. 2011 జనవరిలో రోజ్ బౌల్‌లో విస్కాన్సిన్‌ను ఓడించింది. 2012లో బిగ్ 12లో చేరింది. 2023 జనవరిలో జాతీయ ఫైనల్ దాకా వెళ్లింది, అక్కడ జార్జియా చేతిలో 65-7తో దెబ్బతిన్నా సరే. హ్యూస్టన్ 2023లో, ఎస్‌ఎంయూ 2024లో పెద్ద కాన్ఫరెన్స్‌ల్లోకి వెళ్లాయి. ఎస్‌ఎంయూ అయితే తొమ్మిదేళ్లు టీవీ డబ్బు వద్దని ఒప్పుకుని మరీ ఏసీసీలో చేరింది.

అంటే 1996 నుంచి టీసీయూకి 16 ఏళ్లు, హ్యూస్టన్‌కి 27, ఎస్‌ఎంయూకి 28. గెలుస్తూ ఉంటే ఎవరో ఒకరు పిలుస్తారు, తమ్ముడూ. ధైర్యంగా ఉండు.

ఒంగోలు బీవర్

అన్నా, నాలుగోది వదిలేశావు. రైస్‌ని ఇంతవరకూ ఎవరూ పిలవలేదు. అది కూడా హ్యూస్టన్ లాంటి మహానగరంలోనే ఉంది. గెలిస్తే చాలు అనుకుంటే బోయిసీ స్టేట్ సంగతి ఏంది? 2007 ఫియెస్టా బౌల్‌లో ఓక్లహోమాను 43-42తో ఓడించారు, దేశమంతా చూసింది. అయినా ఆ పెద్ద కాన్ఫరెన్స్‌లు దేన్లోనూ ఇంతవరకూ ఆడలేదు. డాలస్ పక్కనున్న కాలేజీకి పనిచేసిన లెక్క గోధుమ పొలాల మధ్య ఉన్న పుల్‌మన్‌కి పనిచేస్తుందని నేను అనుకోను.

కందుకూరు తండ్రి

బాబూ, నాకు ఈ ఆట తెలియదు. మా పాపకి పుల్‌మన్‌లో ఎమ్మెస్ సీటు వచ్చింది. ఎవరో "ఆ యూనివర్సిటీని పెద్ద గ్రూపులోంచి తీసేశారంట, డబ్బుల్లేవంట" అన్నారు. అప్పటి నుంచి ఇంట్లో టెన్షన్‌గా ఉంది. డిగ్రీకి విలువ ఉంటుందా?

ముత్తుకూరు కూగర్

అంకుల్, ముందు మీకు చెప్తా. డిగ్రీకి ఏమీ కాదు. అది 1890లో పెట్టిన ప్రభుత్వ యూనివర్సిటీ. కాన్ఫరెన్స్ అనేది ఆటల వ్యవహారం. అసిస్టెంట్‌షిప్‌లు డిపార్ట్‌మెంట్ నుంచి, ప్రొఫెసర్ల రీసెర్చ్ గ్రాంట్ల నుంచి వస్తాయి. పాపది ఎలక్ట్రికల్ అయితే ఇంకా మంచిది. అక్కడే చదివి, అక్కడే పాఠాలు చెప్పిన ఎడ్మండ్ ష్వైట్జర్ పెట్టిన రిలేల కంపెనీ అదే ఊళ్లో ఉంది. మా ప్లాంటుల్లో వాడే ప్రొటెక్షన్ రిలేల రంగంలో అది పెద్ద పేరు. అయితే ఆటల లోటు పెరిగితే చివరికి యూనివర్సిటీయే పూడ్చుకోవాలి, ఆ మాట దాచను. పాప ప్రొఫెసర్‌కి మెయిల్ పెట్టి ఫండింగ్ ఎన్ని సెమిస్టర్లకి ఉంటుందో రాతపూర్వకంగా అడగమనండి. ఏ యూనివర్సిటీకి పోయినా అడగాల్సిన ప్రశ్నే అది.

ఇక అన్నలిద్దరికీ. మీరు చెప్పింది చదివాక పుల్‌మన్ పక్కనే ఉన్న మాస్కో ఊరు గుర్తొచ్చింది. ఎనిమిది మైళ్లే. అక్కడ ఐడహో యూనివర్సిటీ ఉంది. 1959లో పాత పసిఫిక్ కోస్ట్ కాన్ఫరెన్స్ కూలినప్పుడు కాలిఫోర్నియా వాళ్లు నలుగురూ, వాషింగ్టనూ కలిసి కొత్తది పెట్టుకున్నారు. మమ్మల్నీ, ఐడహోనీ, రెండు ఒరెగాన్ కాలేజీలనీ బయట వదిలేశారు. మమ్మల్ని 1962లో తీసుకున్నారు, ఒరెగాన్ వాళ్లని 1964లో. ఐడహోని ఎప్పటికీ తీసుకోలేదు. అది కాన్ఫరెన్స్ తర్వాత కాన్ఫరెన్స్ మారి, 2018లో పై డివిజన్ వదులుకుని కింది డివిజన్ ఎఫ్‌సీఎస్‌కి దిగింది. ఒకే గోధుమ నేల, ఒకే చలి, రెండు దారులు.

కాబట్టి పిలుపు కోసం ఎదురుచూడటం మన చేతిలో లేని పని. మన చేతిలో ఉన్నవి నిలుస్తున్నాయా అన్నదే నాకు ముఖ్యం. వాషింగ్టన్‌తో మేం ఆడే యాపిల్ కప్ మ్యాచ్ ఆగలేదు, 2028 దాకా ఒప్పందం ఉంది. 2024లో సియాటిల్‌లో 24-19తో గెలిచిన రోజు నేను ఇక్కడ ఆఫీసులో అందరికీ స్వీట్లు పంచా, ఎందుకో ఎవరికీ అర్థం కాకపోయినా. మా కాలేజీ జెండా ఓల్డ్ క్రిమ్సన్ 2003 నుంచి ప్రతి కాలేజ్ గేమ్‌డే టీవీ కార్యక్రమంలో వెనకాల ఎగురుతూనే ఉంది. మేం ఏ కాన్ఫరెన్స్‌లో ఉన్నామన్నదానితో దానికి పనిలేదు.

నాకు నిజంగా కడుపు మండేది మాత్రం ట్రాక్ అండ్ ఫీల్డ్. 1978లో మా హెన్రీ రోనో నాలుగు ప్రపంచ రికార్డులు బద్దలు కొట్టాడు, అది కూడా మూడు నెలల లోపే. ఆ కాలేజీలో 2025లో జంపులు, త్రోలు ఆపేశారు. ఫుట్‌బాల్ టీవీ డబ్బు పోతే మొదట దెబ్బ తగిలేది టీవీలో ఎప్పుడూ కనిపించని ఈ పిల్లలకే. దీని గురించి ఎవరూ పెద్దగా మాట్లాడరు.

ఇంకోటి. కోర్టుకెళ్లి, కాన్ఫరెన్స్ పగ్గాలు మేమిద్దరమే దక్కించుకుని, పోయేవాళ్ల వాటాల్లోంచి సుమారు 6.5 కోట్ల డాలర్లు ఆపుకున్నప్పుడు నేను సంతోషించా. అది న్యాయమే. కానీ తర్వాత మేం ఏం చేశాం? మౌంటెన్ వెస్ట్ అనే చిన్న కాన్ఫరెన్స్ నుంచి బోయిసీ స్టేట్, కొలరాడో స్టేట్, ఫ్రెస్నో స్టేట్, శాన్ డియేగో స్టేట్, యూటా స్టేట్‌లను 2026కి లాగేసుకున్నాం. వయోమింగ్, నెవాడా, న్యూ మెక్సికో వాళ్లు అక్కడ మిగిలారు. వేరే దారి లేదని తెలుసు. అయినా వయోమింగ్ వాళ్ల లారమీలోనో నెవాడా వాళ్ల రీనోలోనో మనలాంటి కుర్రాడు ఒకడు ఇదే ప్రశ్న అడుగుతుంటాడు కదా.

ఒంగోలు బీవర్

అడుగుతుంటాడు. ఎనిమిది కాలేజీలు లేకపోతే కాన్ఫరెన్స్‌గా గుర్తింపే ఉండదు, గడువు రెండేళ్లే. అందుకని తప్పలేదు. కానీ నువ్వన్నది నిజం.

కందుకూరు తండ్రి

చాలా థాంక్స్ బాబూ. ఇప్పుడు మనసు కుదుటపడింది. పాపది ఎలక్ట్రికలే.

ముత్తుకూరు కూగర్

అయితే ప్రయాణం ఖాయమయ్యాక ఇక్కడ చెప్పండి అంకుల్. స్పోకేన్‌లో దిగితే పుల్‌మన్‌కి ఇంకా 75 మైళ్ల దాకా రోడ్డు మీద పోవాలి. రాత్రి దిగేటట్టు మాత్రం టికెట్ తీయొద్దు. అక్కడ చదువుతున్న మన నెల్లూరు పిల్లలు ఉన్నారు, ఎవరో ఒకరిని ఎయిర్‌పోర్టుకి పంపిస్తా.