విద్యార్థికి ఫోను: వాయిదాల్లో 18 వేల 5జీనా, చేతిలో డబ్బుకు సరిపోయేదా?

చంద్రగిరి చదువరి:
తిరుపతిలో డిగ్రీ మొదటి సంవత్సరం, హాస్టలు. ఫోనుకూ ఏడాది రీచార్జికీ కలిపి ఇంట్లో ఇవ్వగలిగింది 15 వేలు. అంగట్లో అడిగితే 18 వేల ఫోను చూపించి, ముందు 3 వేలు కట్టండి, మిగతా 15 వేలు నెలకు 2,500 చొప్పున ఆరు వాయిదాలు, వడ్డీ లేదు అంటున్నారు. ఇంకోపక్క 9 వేలకూ కొత్త ఫోన్లున్నాయి, వాడినవైతే ఇంకా తక్కువ. అవసరాలు ఇవీ: వీడియో పాఠాలు, పీడీఎఫ్ నోట్సు, యూపీఐ, స్కాలర్‌షిప్ వెబ్‌సైటు జ్ఞానభూమి ఓటీపీలు. ఆటలు ఆడేది లేదు. ఏది మేలో కారణాలతో చెప్పండి.

నగదు లెక్క:
వాయిదా వద్దు. వడ్డీ లేదనే మాటను విప్పి చూద్దాం. క్రెడిట్ కార్డు మీద బ్యాంకు ఏడాదికి 15 శాతం వేస్తుందనుకోండి. ఆరు నెలలకు వడ్డీ సుమారు రూ.635. ఆ మేరకు ధరలో ముందే తగ్గిస్తారు. అంటే అప్పు 14,365, తిరిగి కట్టేది 15,000. ఇంతవరకు వాళ్ళు చెప్పింది నిజమే. కానీ ఆ వడ్డీ మీద 18 శాతం జీఎస్టీ, అంటే 114 రూపాయలు, కొన్నవాళ్ళ నెత్తినే పడుతుంది. ప్రాసెసింగ్ ఫీజు 199 అయితే జీఎస్టీతో 235. మొత్తం 349. నగదుగా కొంటే బేరమాడి తగ్గించుకోగలిగింది ఎటూ పోయినట్టే.

అంగట్లోనే కూర్చునే ఫైనాన్స్ కంపెనీ అప్పైతే ఇంకా జాగ్రత్త. కార్డు ఫీజు, స్క్రీన్ బీమా, ఎక్స్‌టెండెడ్ వారంటీ అని అడక్కుండానే కలిపేస్తారు. 2024 అక్టోబరు 1 నుంచి రిజర్వు బ్యాంకు నిబంధన ప్రకారం ఇలాంటి అప్పులన్నిటికీ 'కీ ఫ్యాక్ట్స్ స్టేట్‌మెంట్' అనే కాగితం ఇచ్చి తీరాలి. అందులో ఫీజులన్నీ కలిపిన వార్షిక రేటు ఏపీఆర్ అని ఉంటుంది. సున్నా వడ్డీ అన్నాక ఆ గడిలో సున్నాకు మించి ఏ అంకె కనబడినా ఎందుకని అడగండి. ఓటీపీ చెప్పాక అడిగితే లాభం లేదు.

అసలు భయం వేరే ఉంది. చదువుకునేవాళ్ళకు ఆదాయం ఉండదు కాబట్టి అప్పు నాన్న పేరునో అమ్మ పేరునో తీసుకుంటారు. వాయిదా తేదీన ఖాతాలో డబ్బు లేకపోతే ఫైనాన్స్ వాళ్ళ జరిమానా ఒకటి, బ్యాంకు జరిమానా ఇంకొకటి. ఆలస్యం అమ్మానాన్నల సిబిల్ రిపోర్టులోకి, అంటే అప్పుల చరిత్రలోకి ఎక్కుతుంది. రేపు పీజీకో ఎంబీఏకో విద్యా రుణం అడిగితే సహ దరఖాస్తుదారుగా సంతకం పెట్టేది వాళ్ళే. బ్యాంకు తెరిచి చూసేది ఆ రిపోర్టునే.

పలమనేరు మామ:
అన్నా, 349 లెక్క ఒప్పుకుంటా. ఆ 9 వేల ఫోను లెక్క కూడా వేయాల కదా. రెండేండ్లకే అది ఈడ్చుకుంటా పోతాది. 9 వేలను 24 నెలలకు పంచితే నెలకు 375. 18 వేలను 48 నెలలకు పంచినా అదే 375. అవే దుడ్లకు నాలుగేండ్లు మంచి తెర, జాస్తి ర్యామ్ వస్తాయి. మూడో ఏడాది ప్రాజెక్టు టైములో ఫోను పడుకుంటే మళ్ళా ఇంట్లో చెయ్యి చాపేదాని కన్నా, మొదట్లోనే ఆరు నెలలు బిగబట్టి కట్టేది మేలు. నెలకు 2,500 ఇంటి నుంచి ఖాయంగా వస్తాదంటేనే నేను చెప్పేది. రాదంటే వద్దు.

సర్వీస్ బల్ల:
ఇద్దరూ 9 వేలు, 18 వేలు అని రెండు కొసలు పట్టుకున్నారు. నాలుగేళ్ళు నడుస్తుందా లేదా అనేది ధర ఒక్కటే తేల్చదు. రెండు విషయాలు చూడాలి: స్టోరేజి రకం, సెక్యూరిటీ అప్‌డేట్లు ఎన్నేళ్ళు అన్నది.

చవక ఫోన్లలో ఎక్కువగా ఈఎంఎంసీ 5.1 స్టోరేజి ఉంటుంది. దానికి ఒకేసారి చదవడం, రాయడం రెండూ చేతకావు. ఒకటి ఆగాకే రెండోది. వెనకాల వాట్సాప్ ఫొటోలు దిగుతూ, ప్లేస్టోర్ యాప్‌లు అప్‌డేట్ చేస్తూ ఉండగా యూపీఐ యాప్ తెరిస్తే తెల్లతెర మీద గుండ్రం తిరుగుతూ ఉండిపోతుందే, కారణం అదే. యూఎఫ్ఎస్ 2.2 అనే ఇంకో రకం స్టోరేజి రెండు పనులూ ఒకేసారి చేస్తుంది. చదివే వేగం ఈఎంఎంసీకి సెకనుకు 250, 300 ఎంబీ అయితే యూఎఫ్ఎస్ 2.2కు వెయ్యి దాకా వస్తుంది. ఇది పెట్టె మీద ఉండదు. కంపెనీ వెబ్‌సైటులో ఆ మోడల్ వివరాల్లో వెతకాలి. అక్కడా రాయలేదంటే ఈఎంఎంసీ అనే అనుకుని ముందుకెళ్ళండి.

'4 జీబీ + 4 జీబీ' అని పెద్దక్షరాలతో రాసేది ఇంకొకటి. ఆ రెండో నాలుగు ర్యామ్ కాదు, స్టోరేజిలో కొంత భాగాన్ని ర్యామ్‌లా వాడటం. ఈఎంఎంసీ ఫోనులో దాన్ని ఆన్ చేస్తే నెమ్మదిగా ఉన్నది ఇంకా నెమ్మదిస్తుంది. సెట్టింగ్స్‌లో ఆపేయండి. అసలు ర్యామ్ 6 జీబీ, స్టోరేజి 128 జీబీ చూసుకోండి. 64 జీబీ అయితే రెండో ఏడాదికే నిండుతుంది, నిండిపోవచ్చిన స్టోరేజి మీద రాయడం బాగా మందగిస్తుంది.

అప్‌డేట్ల గడువు ఫోను విడుదలైన రోజు నుంచి లెక్క, మీరు కొన్న రోజు నుంచి కాదు. రెండేళ్ళ హామీ ఉన్న ఫోనును విడుదలైన ఏడాదికి కొంటే మీకు మిగిలేది ఒక్క ఏడాదే. శాంసంగ్ గెలాక్సీ ఎం16 5జీ లాంటి తక్కువ ధర ఫోనుకే 6 ఏళ్ళ హామీ ఇచ్చింది, కాబట్టి 18 వేలు పెడితేనే దొరుకుతుందనేది నిజం కాదు.

నా లెక్క ఇది. యూఎఫ్ఎస్ స్టోరేజి, నాలుగేళ్ళ అప్‌డేట్లు ఉన్నది 11,500 లోపల వెతకండి. 48 నెలలకు పంచితే నెలకు 240. మామ చెప్పిన 375 కంటే తక్కువే. అమోలెడ్ తెర లేకపోయినా పర్వాలేదు. పగిలితే అమోలెడ్ తెర మార్చడానికి ఫోను ధరలో పెద్ద వంతే పోవచ్చు, ఎల్‌సీడీ తెర దానికంటే తక్కువకు వస్తుంది.

చంద్రగిరి చదువరి:
మరి వాడిన ఫోను? 7, 8 వేలకు దొరుకుతున్నాయి.

సర్వీస్ బల్ల:
తీసుకోవచ్చు, కానీ ఫోను చేతిలోకి తీసుకున్న చోటే ఇవన్నీ చూడాలి. *#06# కొడితే ఐఎంఈఐ, అంటే ఆ ఫోను గుర్తింపు నంబరు వస్తుంది. అది బిల్లు మీదా పెట్టె మీదా ఉన్నదానితో కలవాలి. తరువాత ఇంగ్లీషులో కె, వై, ఎం అక్షరాలు, ఖాళీ, ఐఎంఈఐ కొట్టి 14422కు ఎస్ఎంఎస్ పంపండి. దొంగసొత్తుగా బ్లాక్ చేసిందైతే జవాబులో తెలుస్తుంది. బిల్లు లేని ఫోను ఎంత చవకైనా వద్దు.

అమ్మేవాళ్ళతోనే గూగుల్ ఖాతా తీయించి, సెట్టింగ్స్ లోపలి నుంచే రీసెట్ చేయించండి. బటన్లు నొక్కి రికవరీలోంచి రీసెట్ చేసి ఇస్తే, పాత యజమాని ఖాతా అడిగి ఫోను అక్కడే ఆగిపోతుంది. రీసెట్ అయ్యాక మీ సిమ్ వేసి, మీ ఖాతాతో ఆన్ చేసి చూశాకే డబ్బివ్వండి.

చాలామందికి తట్టనిది ఫైనాన్స్ లాక్. వాయిదాల మీద కొన్న కొన్ని ఫోన్లలో ఫైనాన్స్ వాళ్ళు లాక్ యాప్ వేసి ఉంచుతారు, రీసెట్ చేసినా అది పోకపోవచ్చు. పాత యజమాని వాయిదాలు ఎగ్గొడితే ఫోను మీ చేతిలో ఉండగా లాక్ కావొచ్చు. అప్పు తీరినట్టు ఎన్ఓసీ చూపించమనండి. సెట్టింగ్స్‌లో 'డివైస్ అడ్మిన్ యాప్స్' తెరిచి తెలియని పేరేదైనా ఉందేమో చూడండి.

ఏర్పేడు టవర్:
రీచార్జి సంగతి ఎవరూ ఎత్తలేదు. ఏడాదికి మూడు వేల పైచిలుకు పోయేది అక్కడే. నేను చెప్పే ధరలు 2024 జూలై పెంపులో వచ్చినవి. కట్టే రోజు యాప్‌లో మళ్ళీ చూసుకోండి.

28 రోజుల ప్లాన్ అంటే ఏడాదికి 12 కాదు, 13 రీచార్జిలు. జియోలో రోజుకు 1.5 జీబీ ప్లాన్ 28 రోజులకు 299, పదమూడు సార్లకు 3,887. అదే 84 రోజులది 799. నాలుగు 799లు, చివర ఒక్క 299 వేస్తే 364 రోజులకు 3,495. ఫోను 11,500 అయితే మొత్తం 14,995. మీ 15 వేలలో పడింది.

అయితే ఈ ప్లాన్లో అపరిమిత 5జీ రాదు. దానికి రోజుకు 2 జీబీ లేదా ఆ పై ప్లాన్ ఉండాలి. జియోలో అది 28 రోజులకు 349, ఏడాదికి 4,537. ఒకేసారి కడితే 3,599 ప్లాన్ 365 రోజులకు, రోజుకు 2.5 జీబీ. అంటే 1.5 జీబీ కోసం విడతలుగా కట్టేదానికంటే 104 రూపాయలే ఎక్కువ. ఒకేసారి అంత తీయగలిగితే ఇదే తీసుకోండి, ఫోనులో ఆ వంద తగ్గించుకోండి. తీయలేకపోతే 84 రోజులది చాలు: 480పీలో వీడియో పాఠం గంటకు సుమారు అర జీబీ తింటుంది, రోజుకు రెండు గంటలు హాయిగా చూడొచ్చు. యూట్యూబ్‌ను ఆటోలో వదిలేస్తే నెట్ వేగంగా ఉన్నప్పుడు అదే 1080పీకి ఎక్కి గంటలో ప్యాక్ అయిపోతుంది, ఆపైన 64 కేబీపీఎస్‌లో యూపీఐ పేజీ కూడా తెరుచుకోదు.

ఫోను కొనేటప్పుడు 5జీ అని చదివి ఊరుకోకండి, బ్యాండ్లు, అంటే ఫోను ఏ తరంగాల మీద సిగ్నల్ పట్టుకోగలదో చూడండి. ఎన్78 అంటే 3.5 గిగాహెర్ట్జ్, వేగం ఎక్కువ, కానీ కాంక్రీటు గోడలు దాటి హాస్టల్ గది మూలకు సరిగా చేరదు. జియోకు ఎన్28 అని 700 మెగాహెర్ట్జ్ కూడా ఉంది, అది గోడలు బాగా దాటుతుంది. ఫోనులో ఎన్28 లేకపోతే గదిలో 4జీకి పడిపోవచ్చు. బీఎస్ఎన్ఎల్ చవక, కానీ ఎక్కువగా 4జీయే. దాన్ని 700 మెగాహెర్ట్జ్‌లో కూడా నడుపుతుంది కాబట్టి ఆ సిమ్ వేసేవాళ్ళు ఫోనులో 4జీ బ్యాండ్ 28 ఉందో లేదో చూడాలి.

ఏ కంపెనీ మంచిదని ఇక్కడ అడగడం కంటే రాత్రి తొమ్మిదికి మీ గదిలోనే, తలుపు మూసి, పక్కవాళ్ళ ఫోన్లలో చూడండి. హాస్టలంతా నెట్ మీద ఉండే వేళ అది. పగలు అలిపిరి దగ్గర వచ్చిన వేగం గదిలో పనికిరాదు.

పలమనేరు మామ:
టవరన్నా, మా పక్క ఒక చిక్కుండాది. వి.కోట, కుప్పం దిక్కు పోతే కర్ణాటక, తమిళనాడు టవర్లు పట్టుకుంటాయి. కొన్ని ఫోన్లలో డేటా రోమింగ్ ఆపి ఉంటే నెట్ గమ్మున ఆగిపోతాది. సెలవులకు ఊరికి పోయే పిల్లోళ్ళు సెట్టింగ్స్‌లో అది ఆన్ చేసుకోవాల. ఈ ప్లాన్లలో దేశం లోపల దానికి వేరే చార్జీ పడదు.

యూనివర్సిటీ గేటు:
హాస్టల్లో, లైబ్రరీలో వైఫై ఉన్నవాళ్ళకు రోజుకు 1.5 జీబీ కూడా దండగ. టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ ఆదేశంతో 2025 జనవరిలో కాల్స్, ఎస్ఎంఎస్ మాత్రమే ఉండే ప్లాన్లు వచ్చాయి. అప్పట్లో ఎయిర్‌టెల్‌లో 365 రోజులకు 1,849. దాదాపు సగం మిగులుతుంది, అది ఫోనులో పెట్టండి.

ఏర్పేడు టవర్:
పనిచేస్తుంది, కానీ బయట అడుగుపెడితే నెట్ ఉండదు. బస్టాండులో టీకి పది రూపాయలు యూపీఐ చేయాలన్నా కుదరదు. నెట్ లేకున్నా యూపీఐ చేసే *99# ఉంది గానీ ప్రతి టీకీ ఆ మెనూలు నొక్కడం కష్టం. క్యాంపస్ దాటి పెద్దగా తిరగని వాళ్ళకు మాత్రమే.

చంద్రగిరి చదువరి:
పోస్ట్‌పెయిడ్ ఫ్యామిలీ ప్లాన్లో కలిస్తే?

నగదు లెక్క:
ప్రీపెయిడ్ ధరలో జీఎస్టీ కలిసే ఉంటుంది, పోస్ట్‌పెయిడ్‌లో 18 శాతం పైన పడుతుంది. నెలకు 449 ప్లాన్ అనుకుంటే బిల్లు 530. ఇంట్లో నలుగురు కలిస్తేనే గిట్టుబాటు.

ఏది తీసుకున్నా బ్యాంకుకూ ఆధార్‌కూ ఇచ్చిన నంబరును మాత్రం ఎండగట్టకండి. 90 రోజులు వాడకం లేకుండా వదిలేస్తే కంపెనీ రద్దు చేసి, తరువాత వేరేవాళ్ళకు ఇవ్వొచ్చు. స్కాలర్‌షిప్ ఓటీపీ అప్పుడు ఎవరికి పోతుందో ఆలోచించండి. నెట్‌వర్క్ బాగాలేకపోతే కొత్త నంబరు కొనకుండా పోర్ట్ చేసుకోండి, అంటే అదే నంబరుతో కంపెనీ మారండి: ఇంగ్లీషులో పోర్ట్ అని, ఖాళీ ఇచ్చి నంబరు కొట్టి 1900కు పంపితే కోడ్ వస్తుంది, నాలుగు రోజులు చెల్లుతుంది. కంపెనీలో చేరి 90 రోజులు నిండి ఉండాలి. ప్లాన్‌లో మిగిలిన రోజులు రావు, కాబట్టి 84 రోజులు ముగిసే వారంలో అడగండి. కొత్త చోటు నచ్చుతుందో లేదో తెలిసేదాకా 3,599 పెట్టకండి.

పలమనేరు మామ:
బల్లన్న చెప్పినట్ల 11,500 లోపల యూఎఫ్ఎస్ దొరికితే నాకూ సమ్మతమే, వాయిదా అక్కరలేదు. దొరక్కపోతే మాత్రం ఈఎంఎంసీకి దిగొద్దు. 13 వేలకు పోయి, మొదటి 84 రోజులకే రీచార్జి చేసుకో, తరువాతవి ఇంటి నుంచి వచ్చినప్పుడు వేసుకో. అప్పు అక్కరలేకనే సర్దుకుంటాది.

సర్వీస్ బల్ల:
దీనికి ఒప్పుకుంటాను. కొనే రోజు అంగట్లోనే సీలు విప్పించి, బిల్లు మీద ఐఎంఈఐ రెండూ రాయించుకోండి. స్క్రీన్ గార్డ్ అంటించే ముందే తెల్లటి ఫొటో ఒకటి తెరనిండా పెట్టి మచ్చలు, గీతలు చూడండి, గార్డ్ వేశాక కనబడవు. రెండు సిమ్ స్లాట్లలోనూ సిమ్ వేసి కాల్ చేయండి. చార్జరు పెట్టెలో ఉందా లేదా ముందే అడగండి. ఈమధ్య చాలా మోడళ్ళకు ఇవ్వట్లేదు, అది ఇంకో వెయ్యి దాకా అవుతుంది, మీ 15 వేల లెక్కలో అది లేదు.