నవోదయా, కోరుకొండ సైనిక్ స్కూలా? బాబుకి కంటి సైట్ ఉంది

మాది విజయనగరం దగ్గర పల్లె. మా బాబుకి ఆరో తరగతికి రెండు చోట్లా సీటొచ్చింది. నవోదయలో హాస్టల్, భోజనంతో సహా ఉచితం. తొమ్మిది నుంచి మాత్రం మేం నెలకు 600 వికాస్ నిధి అనే ఫీజు కట్టాలి. సైనిక్‌కి ఏడాదికి లక్ష పైనే, అప్పు చేస్తే గానీ కుదరదు. అయినా ఎన్‌డీఏ (ఇంటర్ తర్వాత సైన్యంలో ఆఫీసర్లుగా తయారుచేసే అకాడమీ) ఆశతో అటే మొగ్గాను.

అడ్మిషన్ మెడికల్ గట్టెక్కాడు గానీ రెండు కళ్లకూ మైనస్ 1 ఉంది. ఇద్దరు కంటి డాక్టర్లను కలిశాను: పదకొండేళ్లే కదా, ఇంకా పెరగొచ్చన్నారు. సీనియర్ల తల్లిదండ్రులను అడిగితే తలా ఒక మాట. వీడేమో గుర్రపు స్వారీ అంటూ ఎగురుతున్నాడు! డబ్బు కట్టడానికి శుక్రవారం ఆఖరు.

చిన్నప్పుడే ఇలా సైట్ ఉన్న పిల్లల్ని సైనిక్‌లో చదివించినవాళ్లు చెప్పండి: పన్నెండు తర్వాత ఎన్‌డీఏ మెడికల్‌లో ఏమైంది?